మా ఇంట్లో హెబ్రీ బొమ్మల పుస్తకం

మొన్న మనవరాలికి బొమ్మల పుస్తకం కొందామని గుంటూరులో ఒక షాపుకి వెళ్ళాను. నున్నటి కాగితాలూ కొత్త రంగులూ కలిసిన ఆ వాసన ముక్కుకు తగలగానే, పుస్తకం చేతిలో ఉండగానే, నేను ఎనభైల నాటి మా పేటలోకి, మా పూరింటి అరుగు మీదికి వెళ్ళిపోయాను.

మాది గుంటూరుకి బస్సులో గంట దూరం. వానాకాలంలో కాళ్ళకి చెప్పుల్లా అంటుకుపోయే నల్లరేగడి, దసరా దాటితే తెల్లగా విచ్చుకునే పత్తి, క్రిస్మస్ వెళ్ళాక ఎర్రటి తివాచీల్లా కళ్ళాల నిండా పరుచుకునే మిరపకాయలు, ఆ ఘాటుకి ఊరంతా ఒకేసారి తుమ్మడం, ఇవే మాకు తెలిసిన రుతువులు. నాన్న మా పేట చర్చిలో ఉపదేశి. పాస్టరు అయ్యగారు రాని ఆదివారాల్లో బైబిలు వాక్యం చెప్పేవాడు, సాయంత్రాలు పిల్లలకి పాటలు నేర్పేవాడు. అమ్మ పత్తి తీతకీ మిరప కోతకీ కూలికి వెళ్ళేది. నాయనమ్మ మేకలు కాసేది. వాళ్ళిద్దరికీ చదువు రాదు.

నాన్నకి ఒక పెద్ద కోరిక ఉండేది, హెబ్రీ నేర్చుకోవాలని. మా తాతని చిన్నప్పుడు ఊళ్ళో బడి మెట్టు ఎక్కనివ్వలేదట. కిటికీ బయట నిలబడి విన్నదే ఆయన చదువు. ఆ సంగతి చెప్పినప్పుడల్లా నాన్న అనేవాడు: "సంస్కృతం మీది కాదన్నారు. ఇంగ్లీషు దొరలదన్నారు. వాక్యం మొదట రాసింది హెబ్రీలో. దాన్ని మనకొద్దనేవాడు ఈ చుట్టుపక్కల ఎవడూ లేడు."

గుంటూరులో ఉండే ఒక రిటైరైన అయ్యగారు నాన్నకి ఆ అక్షరాలు నేర్పారు. ఒక ఏడు క్రిస్మస్ వెళ్ళాక, ఆయన మద్రాసులో కూతురి దగ్గరికి వెళ్ళిపోతూ, తన పుస్తకాలు తెలిసినవాళ్ళకి పంచిపెడుతున్నారని కబురొచ్చింది. నాన్న ఆ మాట విన్నప్పటినుంచీ నేల మీద నడవలేదు. పండక్కి వండినవాటిలో మిగిలిన అరిసెలు గుడ్డలో మూటగట్టుకుని, పైన మిరప బస్తాలేసుకుని వెళ్ళే బస్సులో నలుగురం బయల్దేరాం.

అయ్యగారి గదిలో అలమరాలు అప్పటికే సగం ఖాళీ. హెబ్రీకి సంబంధించినవి రెండే మిగిలాయి. ఒకటి ఇటుకంత లావున్న నిఘంటువు, చీమల బారుల్లాంటి అక్షరాలు, అర్థాలన్నీ ఇంగ్లీషులో. రెండోది ఎవరో హెబ్రీ మాట్లాడే దేశం నుంచి తెచ్చిన చిన్నపిల్లల పుస్తకం, పేజీ నిండా రంగుల బొమ్మలు, ఒక్కో బొమ్మ కింద హెబ్రీలో దాని పేరు. అంతే.

"ఇంటికొకటే ఇస్తున్నానయ్యా. అడిగినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఏది కావాలో చూసుకో," అన్నారు అయ్యగారు.

నాన్న చెయ్యి లావు పుస్తకం మీదికే వెళ్ళింది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డ తల నిమిరినట్టు అట్ట నిమిరాడు. అది ఉంటే, తనకొచ్చిన కొద్దిపాటి ఇంగ్లీషుతో, ఎన్నేళ్ళకైనా వాక్యం తనంతట తాను చదవగలడు. బొమ్మల పుస్తకంతో ఆ ముచ్చట ఎన్నటికీ తీరదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలుసు.

నాయనమ్మ మాత్రం రెండో పుస్తకం తిప్పుతూ ఒకచోట ఆగింది. "ఇది మన మేకేరా. పేరేమని రాశారు?"

నాన్న వంగి చూసి, "ఏజ్," అన్నాడు.

"ఏజ్," అని నాయనమ్మ మళ్ళీ అంది. అమ్మ కూడా పెదాలు కదిపింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది: "ఏవండీ, మీరొక్కరే చదువుకుంటారా? మేం కూడానా?"

నాన్న లేచి వెళ్ళి, లావు పుస్తకాన్ని తీసిన చోటే అలమరాలో పెట్టి, "బొమ్మలదే ఇవ్వండయ్యగారూ," అన్నాడు. బస్సులో దారి పొడుగునా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

ఆ వేసవంతా మాకదే పండగ. కోత నుంచి వచ్చిన అమ్మ చేతులు మిరప మంటతో భగభగలాడుతుంటే, మజ్జిగతో రుద్ది కడుక్కుని కూడా, ఆ ఘాటు కాగితానికంటి మా కళ్ళల్లో పడుతుందని పుస్తకం ముట్టుకునేది కాదు. పేజీలు నేను తిప్పేదాన్ని. అమ్మని "ఇమ్మా" అంటారనీ, నాన్నని "అబ్బా" అంటారనీ తెలిసినప్పుడు నాయనమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "దెబ్బ తగిలితే మనం అరిచేదీ అదేగా. ఎక్కడున్నా నాయన్నే తలుచుకుంటారన్నమాట." మిరపకాయ కోసం వెతికితే బుట్టలాంటి పచ్చటి కాయ ఒకటి కనబడింది. ఇంత లావుంటే రెండు కాయలకే గంప నిండిపోతుందని అమ్మ ముచ్చటపడింది.

కుడి నుంచి ఎడమకి చదవడం నాకూ నాన్నకీ తికమకగా ఉండేది. అమ్మకి అసలు ఏ వైపూ అలవాటు లేదు కాబట్టి హాయిగా చదువుకుపోయింది. వానలు మొదలయ్యేసరికి కింద పేర్లన్నీ కూడబలుక్కుంటూ చదివేసి, ఒకరోజు పొయ్యి ముందు కూర్చుని, "అంత దూరపు అక్షరాలే వచ్చినప్పుడు మనవెందుకు రావు? తెలుగు కూడా చెప్పండి," అంది నాన్నతో.

మరుసటి క్రిస్మస్ ఆరాధనలో ఆడవాళ్ళ వరసలోంచి అమ్మ లేచి, వేలు పెట్టుకుని, ఆగి ఆగి, తెలుగులో ఒక కీర్తన చదివింది. మధ్యలో ఒకచోట ఆగిపోతే, నాన్న అందివ్వబోయి మానేశాడు. అమ్మే కూడదీసుకుని పూర్తిచేసింది. తర్వాతి పాట నాన్న ఎత్తుకోవాలి, అమ్మ వైపే చూస్తూ మర్చిపోయాడు. పక్కవాళ్ళు ఎత్తుకున్నారు.

నాన్న వాక్యాన్ని హెబ్రీలో ఎన్నడూ చదవలేకపోయాడు. పెద్దయ్యాక ఒకసారి, ఆ లావు పుస్తకం తెచ్చుకుని ఉండాల్సిందా అని అడిగాను. "అప్పుడప్పుడూ అనిపిస్తుందమ్మా," అన్నాడు. దాచుకోలేదు, బాధపడనూ లేదు.

నాయనమ్మ పోయింది. ఒక తుఫానుకి పూరిల్లు కూలినప్పుడు బొమ్మల పుస్తకం తడిసి ముద్దయింది. పేటలో అందరివీ ఇప్పుడు శ్లాబు ఇళ్ళు, అరుగులు లేవు, సాయంత్రం ఎవరి తలుపు వాళ్ళు వేసుకుంటారు. నాన్న పోయి కూడా చాన్నాళ్ళయింది. ఆ హెబ్రీ మాటలు తెలిసినవాళ్ళం అమ్మా నేనూ ఇద్దరమే మిగిలాం. నిన్న అమ్మ పేపరు చదువుతుంటే పక్కన కూర్చుని, "నాన్న లేడు అని ఆ భాషలో ఎలా అంటారో నీకు గుర్తుందా?" అని అడిగాను.

అమ్మ కళ్ళజోడు తీసి పేపరు మీద పెట్టింది.

"దానికి బొమ్మ లేదుగా," అంది. "మనం నేర్చుకోలేదు."