సొట్ట పడ్డాక కూడా నిలవాలి

జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్‌లో విమాన భాగాలు ఎంత బరువు మోస్తాయో నొక్కి చూసే ఆ షెడ్డులో అడుగుపెట్టిన ప్రతిసారీ వీబ్కేకు ఈసారి ఏం కూలుతుందోనని భయం వేసేది. జుట్టు నెరిసింది గానీ ఆ భయం తగ్గలేదు.

ఆమె పని లెక్కలు కట్టడం. ఖాళీ రేకు డబ్బా మీద మెల్లగా ఎక్కి నిలబడితే అది మనిషిని మోస్తుంది. పక్కన వేలితో చిన్న సొట్ట చేశామా, ఒక్కసారిగా నలిగిపోతుంది. విమానం పొట్టా అలాంటి పల్చని డబ్బాయే. కాకపోతే లోపల నిలువు బద్దలు అతికించి ఉంటాయి. పైచర్మం సొట్టలు పడ్డా బద్దలు బరువు మోయాలి. ఎంతవరకు మోస్తాయో వీబ్కే ముందే చెప్పాలి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఆమె చెప్పిన బరువులో సగానికే పరీక్షకు పెట్టిన ఒక గొట్టం ఫెళ్లున కూలింది. లెక్కలో గొట్టానికి ఏ వంకా లేదు. నిజం గొట్టానికి కంటికి ఆనని వంకలు బోలెడు. ఆ తర్వాత ప్రతి లెక్కలోనూ వంకలు కలుపుతూనే వచ్చింది. అయినా ధీమా మాత్రం రాలేదు.

ఆ రోజు యంత్రంలో నిలబెట్టింది కార్బన్ నార పొరలు పేర్చి కాల్చిన నల్లటి వంపు పలక. అలాంటిది ఒక్కటే ఉంది. అది నెగ్గితే రాబోయే విమానాలకు బద్దలు తగ్గిస్తారు. వాటిలో జనం ఎక్కుతారు.

"ఏమ్మా, పొద్దున ఏమన్నా తిన్నావా?" అన్నాడు యంత్రం నడిపే డెట్లెఫ్.

"తింటే లోపల ఉంటుందా?"

"మీ ఆయన కట్టిచ్చిన రొట్టె ఇటు పడెయ్ మరి. అదేం పాపం చేసింది?"

"నోరు మూసుకుని నొక్కవయ్యా."

నొక్కేది డెట్లెఫే అయినా, కానిమ్మనో ఆపమనో చెప్పాల్సింది లెక్క కట్టిన మనిషి. అక్కడి రివాజు అది.

టప్, టప్ మంటూ సొట్టలు పడ్డాయి, ఆమె చెప్పిన చోట్లలోనే. అంతలో ఒక బద్ద అంచున ఇంకో సొట్ట పడింది. అది ఆమె లెక్కలో లేదు.

"కానిమ్మంటావా?" అన్నాడు డెట్లెఫ్.

వీబ్కే ఆ సొట్ట వైపు వంగి చూసింది. దాని కింద బద్ద ఊడుతుంటే, ఇంకొంచెం నొక్కగానే పలక ముక్కలవుతుంది. ఎందుకు పోయిందో కూడా తెలియదు. ఊడకుండానే ఆపమంటే? అందరి ముందూ పిరికిదనిపించుకోవాలి.

"ఆపు."

బరువు దించగానే సొట్టలన్నీ మాయమయ్యాయి. ఆ చోట లోపలి చీలికలు పట్టే పరికరంతో వెతికారు. బద్ద గట్టిగానే అతుక్కుని ఉంది.

"ఏమీ లేదు తల్లీ, ఊరికే హడలగొట్టావ్!" అన్నాడు డెట్లెఫ్.

వీబ్కే ఊరుకోలేదు. అక్కడ పలక పైచర్మం మందం కొలిపించింది. ఉండాల్సినదానికన్నా వెంట్రుకవాసి పల్చన. దాన్ని లెక్కలో కలిపితే ఆ సొట్ట కంప్యూటర్ తెర మీద అదే చోట కనిపించింది. పలక మోయగల బరువు కాస్త తగ్గింది. కావలసినదానికి మించి ఇంకా ఉంది, కొద్దిగా.

ఆ కొద్దిని నమ్మాలి.

"మళ్లీ బరువు ఎక్కించు" అంది. సొట్ట వచ్చింది. "కానియ్." బరువు చూపే ముల్లు కావలసిన గీత దాటింది. పలక నిలిచింది.

"అసలు ఎంత మోస్తుందో తేలాలిగా, ఇక కూలేదాకా నొక్కమంటావా?" అన్నాడు డెట్లెఫ్.

వీబ్కే రొట్టె పొట్లం విప్పుతూ, "ఉండవయ్యా, ముందు నన్ను తిననీ" అంది.