లేని జడ

తిరుపతిలో వీసా ఫారాలు టైపు చేసే రోజుల్లో, కువైట్‌లో ఇంటిపనికి నాతో దరఖాస్తు రాయించుకున్న పాకాల ఆమె రోజూ వచ్చేది. జడ ముందుకు లాక్కుని కొస నిమురుతూ, "పర్మిట్టు వచ్చిండాదా అన్నా?" అని అడిగేది. ఒకరోజు విసుగొచ్చి, "కొండకు పొయ్యి తలనీలాలిచ్చి రామ్మా, అదే వస్తాది" అన్నాను.

నిజంగానే ఇచ్చి వచ్చింది. ఆ వారమే వీసా ఆఫీసువాళ్లు ఇంటర్వ్యూకి మద్రాసు పిలిచారు. దరఖాస్తు ఫోటోలో జడ, ఎదురుగా గుండు. ఫోటోలో మనిషి ఈమె కాదని కాగితాలు తిప్పి పంపారు.

తిరిగొచ్చి మళ్లీ నా దగ్గరికే వచ్చింది. "జుట్టు పెరిగినాక మళ్లా రాస్తావా అన్నా?" అంటూ, లేని జడ కోసం భుజం తడుముకుంది.

రాస్తానన్నాను. దేవుడి పేరు చెప్పి ఆ జడ తీయించింది నా విసుగేనని మాత్రం చెప్పలేకపోయాను.