రైలుకట్ట పక్క ఒంటెలు

నవంబరులో ఓ మంగళవారం పొద్దున పదింటి రైలుకి, అమెరికాలో మేముండే క్యారీ ఊరి స్టేషన్‌లో నిలబడ్డాను. ఒక చేతిలో పులిహోర డబ్బా, ఇంకో చేతిలో నీలం రంగు కూల్ బాక్స్. బాక్స్‌లో ఐస్ ప్యాకులూ రక్తం పట్టే ఖాళీ ట్యూబులూ తప్ప ఏమీ లేవు. దింపడానికి వచ్చిన మా ఆయన కారు తిప్పుకుంటూ, "ఒంటెల డ్యూటీయే చెయ్యాలనుకుంటే రాజస్థాన్ దగ్గరయ్యేది కదా, ఇంత దూరం ఎందుకొచ్చాం" అని ఓ మాట అంటించి మరీ వెళ్ళాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను ఇలాగే వీడ్కోలు చెబుతాడు.

నేను తిరుపతిలో పశువైద్యం చదివాను. అనంతపురం జిల్లాలో కొన్నేళ్ళు గొర్రెల మందల వెంట తిరిగాను. ఇక్కడికి వచ్చాక డిపెండెంట్ వీసా మీద చాలాకాలం ఇంట్లో కూర్చుని, వర్క్ పర్మిట్ వచ్చాక ఒక పరిశోధనశాలలో చేరాను. ఇక్కడి లైసెన్సు లేదు కాబట్టి సూది పట్టుకోకూడదు. స్థానిక డాక్టరు రక్తం తీస్తే నేను ట్యూబు మీద పేరు అంటిస్తాను. మొదట్లో దానికి కుమిలిపోయాను, ఇప్పుడు అలవాటైంది.

అమెరికాలో ఒంటెలేమిటని అందరూ అడుగుతారు. ఉన్నాయి. పాల కోసం పెంచేవాళ్ళున్నారు, జాతరల్లో పిల్లల్ని ఎక్కించి తిప్పేవాళ్ళున్నారు, క్రిస్మస్ నాటకాలకి చర్చీలు అద్దెకి తెచ్చుకుంటాయి. అలా ఊళ్ళు తిరిగే జంతువులు రోగాల్ని కూడా తిప్పుతాయి కదా. ఎడారి దేశాల్లో ఒంటెల నుంచి మనుషులకి పాకిన వైరస్ ఒకటుంది, అది ఇక్కడ అడుగు పెట్టిందేమో చూడాలి. క్షయ చూడాలి. అన్నిటికన్నా ముందు బ్రూసెల్లోసిస్ చూడాలి. మన రైతులు ఈసుకుపోయే రోగం అంటారే, అది. పశువు కడుపు పోతుంది, పచ్చిపాలు తాగిన మనిషికి నెలల తరబడి జ్వరం వస్తుంది.

ఈ ప్రయాణం దాని కోసమే. పెన్సిల్వేనియాలో, ల్యాంకాస్టర్ దగ్గర, ఏమోస్, రెబెకా అనే ఆమిష్ దంపతులకి చిన్న ఒంటెల మంద ఉంది. కారూ కరెంటూ లేకుండా, గుర్రపు బగ్గీల్లో తిరిగే సమాజం వాళ్ళది. సెప్టెంబరు చివర్లో తీసిన రక్తంలో లియా అనే ఒంటెకి బ్రూసెల్లోసిస్ ఉన్నట్టు మొదటి పరీక్ష చెప్పింది. ఆ రోజు నుంచి మందకి కట్టడి. పాలు అమ్మకూడదు, ఒంటెలు దొడ్డి దాటకూడదు. రెండోసారీ అదే ఫలితం వస్తే లియాని చంపెయ్యాలి. మిగిలినవాటికి కూడా ఏ గతి పడుతుందో చెప్పలేం. దగ్గరుండి రెండో రక్తం తీయించి, ఆ దొడ్డిని ఓసారి కళ్ళారా చూసి రమ్మని నన్ను పంపారు.

ఈ రైల్లో వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక సలహా. టికెట్ ముందుగా బుక్ చేసుకుంటే చవక, తిండి మాత్రం ఇంటి నుంచే తెచ్చుకోండి. క్యాంటీన్ పెట్టెలో టీ అడిగితే వేడినీళ్ళూ ఒక పొట్లమూ ఇచ్చి మన ఖర్మానికి మనల్ని వదిలేస్తారు. వర్జీనియా వరకూ పైన్ చెట్లు తప్ప చూడ్డానికేమీ లేదు. పులిహోర తిని ఓ కునుకు తీశాను.

అలెగ్జాండ్రియాలో ఓ తెలుగబ్బాయి ఎక్కి పక్క సీట్లో కూర్చున్నాడు. ఆష్‌బర్న్‌లో ఉద్యోగం, పేరు రాజశేఖర్, సొంతూరు ఖమ్మం. పులిహోర వాసన పట్టే మాట కలిపాడేమోనని నా అనుమానం. కొంచెం పెట్టాను. కూల్ బాక్స్ ఏమిటని అడిగాడు, చెప్పాను.

"ఒంటెలా? మేడం, ఒంటె పాలు తాగితే షుగర్ తగ్గుతదంట కదా. మా మామ వాట్సాప్‌లో పంపిండు. నేను ఆన్‌లైన్‌ల ఆర్డర్ కూడా చేసిన."

"పాశ్చరైజ్ చేసినవా, పచ్చివా?"

"పచ్చియే. మరగబెడితే పవర్ పోతదన్నరు."

"పవర్ సంగతి నాకు తెలీదు నాయనా. పచ్చిపాలల్లో ఏ సూక్ష్మజీవి ఉన్నా అది నేరుగా నీ ఒంట్లోకే వస్తుంది. గేదె పాలు మీ అమ్మ కాచకుండా ఎప్పుడైనా ఇచ్చిందా?"

"ఇయ్యలే. అసలే వీసా ఎక్స్‌టెన్షన్ టెన్షన్, ఇప్పుడు జ్వరం కూడానా" అని అక్కడికక్కడే భార్యకి ఫోన్ చేసి, ఫ్రిజ్‌లో ఉన్న సీసా కాచమన్నాడు. నా ఉద్యోగంలో ఇంత తొందరగా ఫలితం కనిపించడం అదే మొదలు.

ఫిలడెల్ఫియా చేరేసరికి సాయంత్రం ఆరు దాటింది. అదే స్టేషన్‌లో ల్యాంకాస్టర్ రైలుకి మారాను. ఆ రైళ్ళు తరచుగా ఉంటాయి, కంగారు పడక్కర్లేదు. ఎనిమిదింటికల్లా దిగి, హైవే పక్కన పటేల్ గారి మోటెల్‌లో సామాను పెట్టాను. "ఊబర్‌ని నమ్ముకోకండి బెహెన్, పొద్దున నేనే దింపుతాను" అన్నాడాయన. అన్నమాట ప్రకారం ఆరున్నరకే కారు తీశాడు.

ఏమోస్ పొలం కొంచెం వాలుగా ఉంటుంది. పైన ఇల్లూ దొడ్డీ, కింద రైలుకట్ట దాకా పచ్చిక బీడు. బీడు ఖాళీగా ఉంది. దాని గేటుకి అడ్డంగా ఎర్ర తాడు కట్టి ఉంది. ఫోన్ ఇంట్లో కాదు, రోడ్డు పక్కన చిన్న చెక్కగదిలో ఉంటుంది. రోజుకి రెండుసార్లు వెళ్ళి వచ్చిన కబుర్లు వింటారట.

ఏమోస్ యాభై దాటిన మనిషి, నెరిసిన గడ్డం, అడిగితే తప్ప నోరు విప్పడు. రెబెకా అలా కాదు. నేను బూట్లు మందునీళ్ళలో ముంచి లోపలికి రాగానే, "కాఫీ ముందా, లియా ముందా?" అంది. లియానే ముందన్నాను. ఆమె ముఖం చూస్తే సరిగ్గా నిద్రపోయి చాలా రోజులైనట్టుంది.

పశువుల డాక్టరు హెలెన్ అప్పటికే పికప్ ట్రక్కు దిగుతోంది. సెప్టెంబరులో రక్తం తీసింది కూడా ఆమే, అప్పుడు దొడ్డిలోకి రాకుండా కింద బీడులోనే తీసి వెళ్ళిందట. ముగ్గురం దొడ్డిలోకి వెళ్ళాం. లియా గోధుమరంగు ఒంటె, పొడుగాటి రెప్పలు, మమ్మల్ని పైనుంచి కిందికి ఓసారి చూసి ముఖం తిప్పుకుంది. పక్కన వేసవిలో పుట్టిన దూడ. పాల నమూనా కూడా కావాలి. దూడ ముందు నాలుగు గుక్కలు తాగితే గాని ఒంటె పాలు చేపదు. రెబెకా దూడని వదిలి, చేపగానే మెల్లగా పక్కకి జరిపి, ఒంటికాలి మీద నిలబడి, మడిచిన మోకాలి మీద గిన్నె పెట్టుకుని పితికింది.

హెలెన్ మెడలో సూది గుచ్చుతుంటే లియా గట్టిగా అరిచింది. చేతికి పనిలేనిదాన్ని, నోటికైనా పని చెబుదామని "ఊరుకో తల్లీ, అయిపోయింది, అయిపోయింది" అన్నాను, అనంతపురంలో గొర్రెలతో అన్నట్టే. అది నా భుజం మీద నెమరేసిన గడ్డి ఉమ్మింది. రెబెకా నవ్వింది, ఆ పొద్దుటికి మొదటిసారి. హెలెన్ ట్యూబులు తీసుకుని నేరుగా రాష్ట్ర ప్రయోగశాలకి బయల్దేరింది.

ఆ తర్వాత ఏమోస్, రెబెకా వెంట దొడ్డంతా తిరిగి చూశాను. లియా ఉండే గదికి ఆనుకుని ఇంకో గది ఖాళీగా ఉంది. దాని నేల నన్ను నిలబెట్టేసింది. మూతితో ఏదో పెళ్ళగించి తవ్వినట్టు గుంటలు. మోకాలెత్తున ఓ తొట్టి. తొట్టి పక్కన, రెండు గదుల మధ్య కటకటాలకి ఒక కమ్మీ ఊడి ఉంది, అటునుంచి ఒంటె మెడ చాపితే సరిగ్గా తొట్టిలోకే వస్తుంది.

"ఏమోస్ గారూ, ఇక్కడ పందులుండేవా?"

"ఉండేవి."

"మరి డాక్టరు అడిగినప్పుడు పందుల మాట చెప్పలేదట కదా ఫోన్‌లో."

"నాకు ఏ జంతువులున్నాయని అడిగింది. ఒంటెలు, గుర్రాలు, రెండు ఆవులు అని చెప్పాను. పందులు మావి కావు. కొన్నాళ్ళు చూసుకున్నాం, అంతే."

మిగతాది రెబెకా చెప్పింది. ఆగస్టులో పక్క పొలంవాళ్ళ కొట్టం కాలిపోయింది. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా చేరి కొత్త కొట్టం కట్టారు. అది పూర్తయ్యేవరకూ వాళ్ళ పశువుల్ని తలా కొన్ని పంచుకున్నారు. ఏమోస్ వంతుకి పందులొచ్చాయి. అక్టోబరు మొదట్లో తిరిగి తోలారు. సాయం చేసిన సంగతి చెప్పుకోవడం వాళ్ళలో లేదు, పరాయివాళ్ళ పశువుల్ని తమ లెక్కలో చెప్పడం అంతకన్నా లేదు. అబద్ధమాడటం అసలే తెలియని మనిషి చెప్పిన జవాబు వల్లే మేమంతా అన్ని వారాలు గుడ్డిగా తిరిగాం. నాకు ఒక్కసారిగా కోపమూ వచ్చింది, ఆయన్ని చేతులెత్తి మొక్కాలనీ అనిపించింది.

నాకెందుకు ఆశ పుట్టిందో వాళ్ళకి వివరంగా చెప్పాను. కొన్ని పందుల పేగుల్లో ఒక సూక్ష్మజీవి ఉంటుంది. అది సోకిన పశువు రక్తాన్ని చూసి మొదటి పరీక్ష బ్రూసెల్లోసిస్ అని పొరబడవచ్చు. అదే అయితే, పందులు వెళ్ళి ఇన్ని వారాలైంది కాబట్టి ఈ రక్తంలో ఆ జాడ బాగా తగ్గి ఉండాలి. అసలు రోగమైతే అలా తగ్గదు.

"అంటే లియాకి లేనట్టేనా?" అంది రెబెకా.

"అలా అనలేను. పందులుండటం వల్ల లియాకి రోగం లేదని తేలిపోదు. రేపు రక్తమే చెప్పాలి."

ఏమోస్ ఖాళీ బీడు వైపు చెయ్యి చూపించాడు. "మంచి కబురైతే ఆ తాడు విప్పి అన్నిటినీ కిందికి తోలతాను. రైల్లో వాళ్ళు ఫోటోలు తీసుకుంటారు, ఒంటెలకి అదో సరదా" అన్నాడు. ఆయన ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడటం అదే చూశాను.

మధ్యాహ్నం బంగాళదుంపల కూర, బ్రెడ్, యాపిల్ పచ్చడి పెట్టారు. నేను దాచుకున్న గోంగూర సీసా బయటికి తీశాను. ఏమోస్ వేలికొసతో రుచి చూసి నీళ్ళు తాగాడు. రెబెకా రెండోసారి వేసుకుంది. ఇక్కడికి వచ్చేవాళ్ళు ఒకటి గుర్తుంచుకోండి, వాళ్ళ ముఖాలు ఫోటో తీయకూడదు, అది వాళ్ళకి నచ్చదు. ఒంటెల్ని ఎన్నయినా తీసుకోవచ్చు.

గురువారం మధ్యాహ్నం దాకా మిగతా ఒంటెల ముక్కుల్లోంచి నమూనాలు తీశాం. సూది లేని పని కాబట్టి నాకూ ఒక దూదిపుల్ల ఇచ్చారు. హెలెన్ ఒంటిగంటకి ప్రయోగశాలకి ఫోన్ చేస్తే ఇంకా కాలేదన్నారు. "నేనక్కడికే వెళ్ళి కూర్చుంటాను. కాగానే ముందు వీళ్ళ ఇంటికి వచ్చి చెబుతాను, ఆ తర్వాతే మిగతా ప్రపంచానికి" అని వెళ్ళిపోయింది. పటేల్ గారు వచ్చి నన్ను స్టేషన్‌కి తీసుకెళ్ళారు. రెబెకా యాపిల్ పచ్చడి సీసా చేతిలో పెట్టి, నా చేతిని గట్టిగా పట్టుకుంది.

వాళ్ళ పొలం ఎటువైపు వస్తుందో తెలుసు కాబట్టి రైల్లో కుడివైపు కిటికీ కావాలనుకున్నాను. దొరకలేదు. కిటికీ పక్కన చెవుల్లో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు. నాలుగున్నర అవుతోంది. ఫోన్ చూశాను, ఏమీ లేదు. బగ్గీలూ, మొక్కజొన్న కోసేసిన మళ్ళూ వెనక్కి పోతున్నాయి. ఇక ఉండబట్టలేక అతని భుజం తట్టాను. హెడ్‌ఫోన్లు తీశాడు.

"క్షమించండి, ఒక్క నిమిషం కిటికీలోంచి చూడనిస్తారా?"

"ఏం చూడాలి?"

"ఒంటెల్ని."

అతను నన్ను చూసిన చూపు మర్యాదగానే ఉంది గాని, ఈవిడకి తోడుగా ఎవరైనా వచ్చారా అన్నట్టుంది. అయినా వెనక్కి జరిగాడు. మొదట కొత్త కొట్టం కనిపించింది, చెక్కల రంగు ఇంకా పచ్చగా ఉంది. తర్వాత తెల్లటి ఇల్లు. తర్వాత గేటు.

గేటు బార్లా తెరిచి ఉంది. బీడు నిండా ఒంటెలు. కొన్ని మేస్తున్నాయి, కొన్ని రైలు వైపు తలలెత్తి నిలబడ్డాయి. అన్నిటికన్నా ముందు, కట్టకి దగ్గరగా, గోధుమరంగు లియా. దూడ దాని కడుపు కింద దూరి తాగుతోంది. దూరంగా గేటు దగ్గర నల్ల టోపీ పెట్టుకున్న మనిషి ఎర్ర తాడుని మెల్లగా చేతికి చుట్టుకుంటున్నాడు. ఆయన పక్కన హెలెన్ ట్రక్కు.

నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. ఫోటో తీయడం మర్చిపోయాను. పక్కాయనే తీశాడు. మా పనిలో మంచి వార్త అంటే ఏమీ లేదని తెలియడమే. అందుకే అది ఎవరి కంటా పడదు. ఆ సాయంత్రం ఒక రైలుపెట్టెలో సగం మంది దాన్ని చూశారు. అది మంచి వార్త అని వాళ్ళకెవరికీ తెలియదు.

"నిజంగానే ఒంటెలు" అన్నాడతను ఫోటో నాకు చూపిస్తూ. "మీవా?"

"నావి కావు" అన్నాను. "కొన్నాళ్ళుగా చూసుకుంటున్నాను, అంతే."