చెంబుకు పడిన చిల్లు

మొన్న ఉగాదికి దోహాలోని మా సంఘంవాళ్లు మరాఠీ మిత్రులతో కలిసి రెండు పండగలూ ఒకే హాల్లో కానిచ్చారు. వాళ్ల గుడీ పాడ్వా, మన ఉగాది ఒకే రోజు కదా. గుడీ అంటే మన కోవెల కాదు. కర్రకు పట్టుచీర, వేపరెమ్మ, చక్కెరబిళ్లల దండ కట్టి, కొసన రాగిచెంబు బోర్లించి నిలబెట్టే జెండాలాంటిది. దానికోసం మా ఇంట్లో చెంబు అడిగితే ఇచ్చాను. అది తిరిగి వచ్చినప్పటినుంచి నా రక్తపోటు ఆరోగ్యంగా పెరుగుతోంది.

నిజానికి ఆ చెంబు నాది కాదు. నేను ఖతార్ వచ్చిన కొత్తలో, ఉమ్ ఘువైలినా పేటలో మా ఎదురు ఫ్లాటులో మహారాష్ట్ర సతారానుంచి వచ్చిన దంపతులుండేవారు. ఆవిడను వహిని అని పిలిచేవాణ్ణి. మన వదినే, మధ్య అక్షరం మారింది, అంతే. పాడ్వా రోజు పొద్దున్నే ఆవిడ వంటింట్లోని మంచినీళ్ల చెంబును తోమి, వెదురు దొరకని ఊళ్లో కొత్త మాప్ కర్రను కడిగి, తన పెళ్లిచీరకు కుచ్చెళ్లు పోసి కట్టి, బాల్కనీలో గుడీ ఎత్తేవారు. ఒక ఏడాది ఇసుకగాలికి అది కాస్తా కూలి చెంబుకు సొట్ట పడితే, అపశకునమేమోనని నేను ముఖం వేలాడేశాను; ఆవిడ మాత్రం నవ్వి, మళ్లీ నిలబెట్టి, నా చేతిలో పురణ్ పోళీ పెట్టారు. దాన్ని నేను బొబ్బట్టనేవాణ్ణి. పేరు దగ్గర ఇద్దరం చివరిదాకా రాజీపడలేదు గానీ, తినడంలో నాకే పట్టింపులూ ఉండేవి కావు.

పొద్దువాలకముందే గుడీ దింపేవారు. చీర బీరువాలోకి, కర్ర మాప్‌కి, చెంబు నీళ్ల దగ్గరికి. చీకటి పడేసరికి పండగంతా డ్యూటీలో చేరిపోయేది.

వాళ్లు ఖతార్ వదిలి వెళ్లిపోతూ ఆ చెంబు నాకిచ్చారు. "భావోజీ, ఇస్‌కో ఖాలీ మత్ రఖ్‌నా," అన్నారు వహిని, మరిదిని పిలిచినట్టు. ఉత్తగా ఉంచలేదు. ఇరవై ఏళ్లుగా అందులోనే నీళ్లు తాగుతున్నాను. పాడ్వా వెళ్లాక ఆవిడ వీడియో ఫోన్ చేస్తే నిండు చెంబు చూపించడం మా ఆనవాయితీ.

మా సంఘం కార్యదర్శి సేఫ్టీ ఇంజనీరు. గుడీ పడిపోతుందేమోనని చెంబు అడుగున డ్రిల్లుతో చిల్లు పొడిచి, స్టీలు పైపుకు బోల్టు బిగించాడు.

"చూడండంకుల్, తుఫానొచ్చినా కదల్దు."

"ఇది మంచినీళ్ల చెంబు, నాయనా."

"హెరిటేజ్ పీసులో నీళ్లెవరు తాగుతారంకుల్? షోకేసులో పెట్టుకోండి!"

నాకు నాలుగు భాషల్లో తిట్లు వచ్చు. ఒక్కటీ సరిపోలేదు.

మాటు వేసేవాడికోసం ఊరంతా తిరిగాను. వెల్డింగు షాపులో చెంబును పక్కన పెట్టి, అతకాల్సిన గేటెక్కడని అడిగారు. ఈలోగా నిన్న వహిని ఫోన్ చేయనే చేశారు. చిల్లుకు వేలు అడ్డుపెట్టి, నీళ్లు నింపి చూపించాను. మోచేతిదాకా కారిపోతున్నాయి. ఆవిడ చూశారో లేదో గానీ, "అరే, సొట్ట వైసాచ్ హై!" అని, సొట్ట అలాగే ఉన్నందుకు మురిసిపోయారు.

మన రోజుల్లో గుడీ కూలేది, చెంబు నిలిచేది. ఇప్పుడు గుడీ తుఫానుకు కూడా కూలదు. ఆ చెంబు మాత్రం సంస్కృతికి తప్ప ఇక ఎందుకూ పనికిరాదు.