లోపలి తీగ కోసం కూరెకుప్పకు

గుంతకల్లులో నాది సైకిల్ షాపు. బళ్ళారి ఇనుప గనులు జోరు మీదున్న ఏడాది, ఒక శనివారం పొద్దున్నే కూరెకుప్ప నుంచి చెన్నప్ప ఫోన్ చేసినాడు. దూరపు చుట్టం, సేద్యం వదిలి టిప్పర్లు తిప్పుతున్నాడు. కూతురు కవిత రేసు సైకిల్‌కి వెనక బ్రేకు తీగ తెగిందంట. సాయంత్రం నాలుగింటికి తోరణగల్లులో పోటీ.

ఏడు గంటల ప్యాసింజరెక్కి ఎనిమిదిన్నరకు బళ్ళారిలో దిగినాను. స్టాండు బయట ఇడ్లీ తిని బస్సెక్కితే పక్కన కుడతిని పవర్‌ప్లాంటులో పనిచేసే మనిషి కూర్చున్నాడు.

"యాడికప్పా?"

"కూరెకుప్పకు. కేబుల్ వేసేదుండాది."

"మా టీవీ గూడా వారం నుంచి రాలేదు. దిగి చూసి పోరాదా?"

సైకిల్ కేబుల్ అని ఎంత చెప్పినా, కుడతినిలో దిగేదాకా నా సంచి వదల్లేదు.

ఖనిజం లారీల వెనక నిలిచి నిలిచి, పదిన్నరకు చేరినాను. మామూలు సైకిల్‌కి తీగ బయట పోతుంది. దీనికి పైగొట్టం లోపల దూరి వెనక బొక్కలో తేలాల. కొత్త తీగ సగం దాకా పోయి ఆగిపోతోంది. పన్నెండున్నర దాకా దూర్చినా అంతే.

అన్నం తిన్నాక చెన్నప్ప లారీ టైర్లకు గాలి కొట్టే మిషన్ తెప్పించినాడు. దూదికి దారం కట్టి ముందు బొక్కలో పెట్టి గాలి వదిలితే, వెనక నుంచి చెంబెడు ఎర్రదుమ్ము ఎగిరి ఆయన తెల్లచొక్కా మీద పడింది. దూది వచ్చింది గానీ దారం రాలేదు.

ఆయన ముఖం తుడుచుకుని, "డ్రిల్లుతో నడుమన బొక్క పొడుద్దాం," అన్నాడు.

కవిత వచ్చి సైకిల్ మీద కూర్చుంది. "ఇది టిప్పరు కాదు నాయనా."

నేను తీగకు నిలువునా తొడుగేసి, గొట్టం బయటే ప్లాస్టిక్ పట్టీలతో కట్టేసినాను. చెన్నప్ప ముఖం చిన్నబోయింది.

"తీగలు కనపడని బండని ఊరంతా చెప్పినానే."

"బ్రేకు పడితే సాకు, అంతే చాలు," అంది కవిత.

నాలుగింటికి ఆరుగురు బయల్దేరినారు. మేము జీపులో వెనకనే పోయినాము. రెండో మలుపులో ఒక టిప్పరు అడ్డంగా వచ్చి ఆగింది. చెన్నప్ప కళ్ళు మూసుకున్నాడు. కవిత బ్రేకు పట్టింది. ముందు చక్రం టిప్పరుకు జానెడు దూరంలో ఆగింది. అది చెన్నప్ప టిప్పరే. డ్రైవరు దిగి దండం పెట్టి, "మీరు కనపడితే పలకరించకుండా సుమ్నే ఎట్లా పోతానమ్మా?" అన్నాడు.

మర్యాద అయ్యేసరికి మిగతా ఐదుగురూ చేరిపోయినారు. కవిత ఆఖర్న వచ్చింది, నవ్వుతానే. చెన్నప్ప మాత్రం సైకిల్ పట్టుకుని వదల్లేదు.

"మిగిలిన తీగలు గూడా బయటికి లాగప్పా," అన్నాడు మెల్లగా.

లాగి ఇచ్చి, ఆరింటి బస్సుకు బళ్ళారి వచ్చి రైలెక్కినాను. ఎదురుగా కూర్చున్న పెద్దామె ఎర్రదుమ్ము పట్టిన నా బట్టలు తేరిపార చూసి, "గనిలో పనా?" అనింది.

"సైకిల్ షాపమ్మా," అన్నాను.

ఆమె నమ్మలేదు. కొండల లోపలున్నదంతా బయటికి తోడేస్తున్న ఊరికి, ఒక్క తీగను లోపలికి పంపేదానికి పోయి వస్తున్నానంటే ఎవరు నమ్ముతారు?