ఒక గింజ లేని అక్షరం

మొన్న కదిరి బస్టాండులో నిలబడి ఉంటే, నన్ను దాటి పోయి ఆగిన బస్సు వీపున ఎర్ర దీపాల అక్షరాలు వెలిగాయి. చుక్క పక్కన చుక్క పేర్చి కట్టిన అక్షరాలు. కాగితం మీది అక్షరం నాకు ఈనాటికీ సరిగా పట్టుబడదు గానీ, ఇట్లా గళ్ళు గళ్ళుగా కట్టిందైతే కూడబలుక్కుని చదువుతాను. ఊరి పేరు నడుమ ఒక దీపం మాడిపోయి ఉంది. నా పక్కన నా కూతురు. అనంతపురంలో ఫ్లెక్సీలు వేసే అంగట్లో పని దానికి. "ఇప్పుడు ఇవే ఫ్యాషన్ మా. పాతకాలం కంప్యూటర్ అక్షరాలని టీ అంగడి బోర్డులకీ, చొక్కాలకీ ఏరికోరి ఏపిచ్చుకుంటాండారు," అంది. అంటూనే మాడిన దీపం చూసి మాట ఆపేసింది. నేనూ అక్కడే చూస్తున్నాను. ఇద్దరికీ ఒకటే గుర్తుకొచ్చింది.

మా ఆయన ధర్మవరంలో పట్టుచీరలకు గ్రాఫు గీసేవాడు. గ్రాఫంటే చిన్న చిన్న గళ్ళున్న కాగితం. గడి నింపితే చీరలో ఆ చోట జరీ తేలుతుంది, వదిలేస్తే పట్టు కనిపిస్తుంది. ఆయన గీసిన ఏనుగులన్నిటికీ కడుపు పెద్దది. ఎందుకయ్యా అంటే, "కరువుసీమలో ఏనుగన్నా కడుపునిండా ఉండనీలేమే," అనేవాడు. తర్వాత కంప్యూటర్లు వచ్చి చేతి గ్రాఫు అడిగేవాళ్ళు తగ్గిపోయారు. దానికి తోడు చక్కెర జబ్బు ఆయన కళ్ళ మీద పడింది. ఊళ్ళో మాకున్న మెట్టచేను వాన లేక బీడుపడింది. అదిగో వస్తుంది ఇదిగో వస్తుందని వాన కోసం ఒలిచిపెట్టుకున్న విత్తనపు వేరుశనగ్గింజలు ఇంట్లో మూటగా ఉండిపోయాయి. బియ్యం నిండుకున్నా ఆ మూట ముట్టేది లేదు. విత్తనం తినడమంటే వచ్చే ఏడాదిని తినడమని మా అత్త చెప్పిపోయింది.

అట్లాంటప్పుడు చీరల సావుకారు వచ్చాడు. కూతురి పెళ్ళిచీర పైటకొంగులో ఆ పిల్ల పేరు తెలుగులో రావాలట, చేత్తో గీసిన గ్రాఫే కావాలట. "ఇది కుదిరితే ఇంక పేర్ల చీరలన్నీ నీకే అప్పా," అన్నాడు. కళ్ళ సంగతి మేము చెప్పలేదు. ఇది తప్పితే బెంగుళూరులో వాచ్‌మన్ పనే దిక్కు. కాగితం మీది గడి ఆయన కంటికి ఆనదు. అందుకని ఇంట్లో నేల బండల మీద నాతో ముగ్గుపిండితో పెద్ద గళ్ళు గీయించి, వాటిలో ఆ విత్తనపు గింజలు పెట్టమన్నాడు. తినేదానికి కాదు గదా అని నేనూ మూట విప్పాను. "అక్షరమేమో గుండ్రం, గడికేమో మూలలు. ఎట్ల కుదురుతాదయ్యా?" అంటే, "మెట్లు కట్టల్లమే. గింజ మీద గింజ, రోంత పక్కకి. దగ్గర మెట్లే కనపడతాయి, దూరం పోతే గుండ్రమైతాది," అన్నాడు. అక్షరం కడుపులో ఒక గడైనా ఖాళీ వదలాలి, లేకుంటే జరీ అలుముకుని ముద్దవుతుంది. ఆయన గడప దాకా పోయి, తిరిగి, కళ్ళు చికిలించి చూసేవాడు. తన మసకలో కుదిరిందంటే ఎవరికైనా కుదిరినట్టేనని నవ్వేవాడు. పేరు కుదిరిన పొద్దు గింజ గింజా వేలితో తడిమి, "ఉండేది ఉండేట్ల కాగితం మీదికి ఎత్తుకోమే. నీ తెలివి కలపొద్దు," అన్నాడు.

అంతలో వీధిలోకి నీళ్ళ ట్యాంకరొచ్చింది. పిల్లను ఇంట్లోనే వదిలి బిందెలతో పరుగెత్తి, కొట్లాడి, నీళ్ళు తెచ్చుకుని, తడిచేతులు కొంగుకు తుడుచుకుని కూర్చున్నాను. ఉన్నది ఉన్నట్టే ఎత్తాను.

చీర నేశాక సావుకారు మా ఇంటికే తెచ్చి కొంగు పరిచాడు. "ఏమప్పా, పెండ్లికూతురికి పెండ్లి కాకముందే పన్ను ఊడగొట్టినావే," అన్నాడు. నవ్వుతూ అన్నాడు గానీ మొహంలో నవ్వు లేదు. మా ఆయన జరీ మీద వేలు జరుపుకుంటూ పోయి, అక్షరం నడుమ జరీ లేని ఒక గడి దగ్గర ఆగిపోయాడు. నా వెనక నిలబడిన పిల్ల ఏడుపు మొదలుపెట్టింది. అప్పటికి అది పలక కూడా పట్టని పిల్ల. "ఆకలైంది నాయనా," అంది, మా ఇద్దరికి మాత్రమే వినిపించేటట్టు.

ఒక్క మాట చెబితే అయిపోయేది. పసిబిడ్డ గింజ తినిందంటే సావుకారు తిట్టి, ఇంకో పని ఇచ్చేవాడేమో. మా ఆయన చెయ్యి చాపి పిల్లను దగ్గరికి తీసుకుని, దాని మొహం తన పంచెలో దాచుకున్నాడు. "నా కండ్లు పోయినాయి సావుకారూ. గడి కనపల్యా," అన్నాడు. సావుకారు చీర మడిచి చంకన పెట్టుకున్నాడు. "ముందే చెప్పల్ల కదప్పా," అని మాత్రం అన్నాడు. ఆ మాట బజారంతా పాకింది. కళ్ళు లేనివాడి చేతికి గ్రాఫు ఎవరిస్తారు?

బెంగుళూరు పోయాం. గేటు దగ్గర వచ్చేదెవరో పోయేదెవరో ఆయనకు తెలిసేది కాదు. అక్కడా ఉంచలేదు. ఆ చలికాలం దాటలేదాయన. ఇంటి పిల్ల ఆకలి ఇంకొకరి నోట నానగూడదనుకున్నాడు, అంతే. నేను మాత్రం చాలాసార్లు అనుకున్నాను, చెప్పుంటే బతికేవాడివి కదయ్యా అని.

బస్సు కదిలింది. దూరం పోతే మెట్లు గుండ్రమవుతాయని ఆయన అన్నది నిజమే. ఎర్ర చుక్కలన్నీ కలిసిపోయి, మలుపు తిరిగేసరికి అక్షరాలు నున్నగా వెలిగాయి, మాడిన దీపం ఎక్కడో కూడా తెలియలేదు. ఇన్నేళ్ళ దూరం వచ్చేశాను, నాకు మాత్రం ఆ ఒక్క గడీ ఇంకా ఖాళీగానే కనిపిస్తూ ఉంది.