జైలుకు కిటికీలు గీసిన మా బాపు

మా బాపు దశరథం తామీరాత్ దఫ్తర్ల నక్షానవీసు. అంటే సర్కారు కట్టే బడులు, బంగ్లాలు, మోరీలు, వంతెనలు ముందుగాల కాయితం మీద గీసెటాయన. మెట్‌పల్లిల సాలోల్ల ఇంట్ల పుట్టిండు. మా తాత రాజయ్య మగ్గం మీద కూసుంటే, బాపు పక్కన కూసోని చీర అంచుల పువ్వులు బొగ్గుతోని బండ మీద గీసేటోడట. ఉర్దూల చదివిండు. గీత సాపుగ వస్తదని, పోలీసు చర్య అయిన మరుసటేడు కరీంనగర్ దఫ్తర్ల పెట్టుకున్నరు.

ఆయనకొక అలవాటుండె. కండ్లు తెరిచే ఉండేటియి గని మనిషి అక్కడ ఉండకపొయ్యేటోడు. అన్నం ముందట కూసోని, ముద్ద చేతుల పట్టుకోని, ఎటో పోయేటోడు. మా అవ్వ, అంటే మా అమ్మ నర్మద, మమ్ములను చూసి నవ్వి, "మీ బాపు ఇల్లు కట్టబోయిండు. ఒచ్చేదాక ఆగుండ్రి" అనేది. ఆ మాట అబద్ధం కాదు. గోడలింకా లెవ్వని ఏదో ఇంట్ల ఆయన తిరుగుతుండేటోడు, ఏ అర్రల గాలి ఎటునుంచి వస్తదో, మాపటి ఎండ ఏ మూలకు పడ్తదో చూసుకుంట.

యాభై ఎనిమిదిల, ఎండకాలం పోతుండంగ, ఆయనను గంగ ఒడ్డున ఒక చిన్న పట్నానికి పంపిండ్రు. మా దిక్కు గోదావరిని గంగ అనే అంటరు. అక్కడ ఒక పాత జైలుండె. దానికి ఖైదీలు పండెటందుకు ఇంకో బారకు కట్టాలె, ఉన్నదాన్ని కొలిచి నక్షా తేవాలె. నాలుగు రోజుల పని.

ఆ జైలు జైలుగ కట్టింది కాదు. ఎనుకట ఎవరో జాగీర్దారు వడ్లు, జొన్నలు పోసుకునెటందుకు కట్టించిన కొటారు. గింజలకు తేమ తాకద్దని, ఎలుకలు చొరద్దని గోడలు రెండు మూరల మందం. కిటికీలే లెవ్వు. పైన కప్పు కింద చెయ్యి పట్టేటంత సందులు. తర్వాత ఎవరో దానికి ఇనుప తలుపులు పెట్టి అందుల మనుషులను పోసిండ్రు. నడి పొద్దుమీద లోపటికి పోయిన బాపు లాంతరు అడుక్కోవలసి వచ్చింది.

కొలిచే ఫీతా రెండో కొస పట్టెటందుకు జైలరు పర్శరాములు ఒక ఖైదీని ఇచ్చిండు. పేరు మల్లన్న, ఉట్నూర్ దిక్కు రైతు. చేను గెట్టు కాడ కొట్లాటల పక్క చేనాయనను గొడ్డలి కామతోని కొట్టిండు. ఆయన మళ్ల లేవలే. ఏడేండ్ల శిక్షల నాలుగేండ్లు గడిచినయి.

ముంగిట్ల ఫీతా గుంజితె నలభై రెండడుగులకు గోడ తాకింది. మల్లన్న గోడకు వీపు పెట్టి నిలబడి, బాపు దిక్కు చూసిండు.

"నాలుగేండ్ల సంది నేను చూసిన దూరం గింతేనా సారూ?"

"నలభై రెండడుగులు" అన్నడు బాపు.

"మొన్న దవాఖానకు కొంటపోయిండ్రు. తొవ్వల గంగ కనవడ్డది. చూడలేకపోయిన. నీళ్లు కారినయి. ఏడుపు కాదు సారూ. అంత దూరం చూసుడు కండ్లు మరిచిపోయినయి."

మరునాడు ఫీతా చుట్టుకుంట అడిగిండు, "గిక్కడ నీకు ఏం కావాలె మల్లన్నా?"

మల్లన్న తన చేతుల ఉన్న కొస వదిలిండు. "పని కావాలె. ఉత్తగ కూసుంటే ఆ గెట్టే యాదికొస్తది. దినాం ఆయనను మళ్ల మళ్ల కొడుతనే ఉన్న. చేతుల ఏదన్న పనుంటే, ఒక్క పూటన్న ఆయనను సంపకుండ ఉంట."

బాపు కరీంనగర్‌కు మళ్లొచ్చి, దఫ్తర్ల అడిగిన బారకు రెండు దినాలల్ల గీసి ఇచ్చిండు. దాని తర్వాత ఎవ్వలు అడగంది ఒకటి మొదలువెట్టిండు. దఫ్తర్‌కు సెలవుండే ఐతారం ఐతారం ఇంట్ల చాప మీద నక్షా గుడ్డ పరిచి, నాలుగు మూలలకు నాలుగు గిన్నెలు పెట్టి గీసేటోడు. మేము గోడవారకు కూసోని చూసేటోల్లం. ఒక్కొక్క గీతకు ఆయన ఎంతోసేపు ఆగేటోడు. ఆ గుడ్డ మీద అర్రలు నీళ్లల్ల తామరాకుల లెక్క ఒక్కొక్కటే తేలివచ్చేటియి. కూసున్న మనిషి కండ్లకు సరిగ్గ అందేటంత ఎత్తుల కిటికీలు, అన్ని గంగ దిక్కుకే. నాలుగు మగ్గాల కొట్టం. ఎనుక దున్నుకునే భూమి. నేను అది జైలని ఎరుగక, "బాపూ, మనం అక్కడికి ఎప్పుడు పోతం?" అని అడిగిన్నట.

అవ్వ గిన్నెల కోసం వచ్చి ఒంగి చూసింది. "ములాఖత్ ఏడ?"

బాపు వేలు పెట్టి చూపిండు. చువ్వలు, ఇటు చూడొచ్చిన జనం, అటు ఖైదీలు.

అవ్వకు చిన్నప్పటి సంగతి యాదికొచ్చింది. నైజాం కాలంల వాళ్ల అన్న జైలుకు పోయిండు. "మా వదిన సంటిపిల్లను ఎత్తుకోని పోయింది. ఒక్క చువ్వల కాడ ముప్పై మంది మొత్తుకునుడు. ఏం మాట్లాడినమో మాకే తెల్వలే. మా అన్న పిల్లను ఎత్తుకోనన్న ఎత్తుకోలే. కూసునే జాగ పెట్టు. గంతకన్న ఏం వద్దు."

బాపు చువ్వలను బ్లేడుతోని గీకేసి, అక్కడ పొడుగు వసారా గీసిండు. రెండు వైపుల అరుగులు.

దఫ్తర్ల ఇంజనీరు సాబు ఆ నక్షాను నిలబడే చూసిండు. "దశరథం, ఇది జైలా, బాటసారులు పండే సరాయా?"

"జైలే సాబ్. పొద్దుగూకితే తాళాలు పడ్తయి."

"మరి శిక్ష ఏడున్నది దీంట్ల?"

"ఇంటికి పోకపోవుడే శిక్ష సాబ్. చీకటి, తేమ తీర్పుల ఎవ్వలు రాయలే."

సాబు కోపం చెయ్యలే. నవ్వి, గుడ్డ చుట్టి, పాత కట్టల మీద పెట్టిండు. బాపుకు ఆ నవ్వే ఎక్కువ నొచ్చింది. అయినా ఒక కాపీ గీసి పర్శరాములుకు పోస్టుల పంపిండు.

మరుసటేడు వానకాలంల గంగ పొంగి ఊరంచు దాక వచ్చింది. కొటారు ఎనుక గోడ నాని, ఒక పొద్దుటిపూట పగిలి వంగింది. లోపట ముప్పై ఒక్క మంది. ఎవ్వలకు దెబ్బ తాకలే గని, ఇగ అందుల ఉండరాదు. గోడ బాగయ్యేదాక మెరక మీద దున్నక బీడువడ్డ సర్కారు పడావు భూమిల ఉంచుమని పర్శరాములుకు హుకుం వచ్చింది. ఆయన బాపు కోసం మనిషిని పంపిండు.

బాపు పోయేసరికి పర్శరాములు తడిసిన టోపీ తీసి పిండుతుండు. "నీ సరాయి నక్షా నా కాడున్నది దశరథం. దాన్ని మట్టి మీద గీస్తవా?"

ముసురు జర తెరిపియ్యంగనే బాపు సున్నం పొట్లం పట్టుకోని పడావుల దిగిండు. మల్లన్న తాడు పట్టుకున్నడు. తడి నల్లరేగడి మీద తెల్లటి గీతలు పడ్డయి. గీత మీద గుంజ నాటుకుంట ఖైదీలే ఎనుక వచ్చిండ్రు. వెదురు తడకలు, తాటికమ్మల కప్పు. గీసిన ఇంట్ల మనుషులు అప్పటికప్పుడే నిలబడుడు బాపు ఎన్నడు చూడలే. అటు ఇటు నడుచుకుంట తలుపు ఉండాల్సిన జాగల నుంచే లోపటికి పోయేటోడు, గోడ రాని జాగల సుత గోడ ఉన్నట్టే చుట్టు తిరిగి వచ్చేటోడు. ఖైదీలు సుత ఆయనను చూసి అట్లనే నడిచిండ్రు.

నెల అనుకున్నది ఆరు నెలలు దాటింది. మల్లన్న పడావు దున్ని వంకాయ, చిక్కుడు పెట్టిండు. మూడో వారంల వెంకటి అనే ఖైదీ తడక దాటి ఉరికిండు. రెండు దినాలకు మంచిర్యాల రైలు టేషన్ల దొరికిండు. విచారణ నడిచి, ఆరో నెలల పర్శరాములుకు పైనుంచి గట్టిగనే కాయితం వచ్చింది. ఆయన బాపును పిలిపించి ఆ కాయితం చేతుల పెట్టిండు.

"చూసినవా? నీ మాట విన్నందుకు నా నౌకరి పోయేటట్టున్నది."

చిక్కుడు పందిరి కాడ కలుపు తీస్తున్న మల్లన్న తల ఎత్తకుంటనే అన్నడు, "ఉరికిన ఒక్కన్ని చూస్తుండ్రు సారూ. తడకకు తాళం లేదు. ముప్పై మందిమి గీడనే ఉన్నం. మమ్ముల సుత రాయుండ్రి."

పర్శరాములు ఆ పగటాల్లనే కూసోని పైకి జవాబు రాసిండు, ముప్పై మంది సంగతి, దున్నిన భూమి సంగతి, వసారా జాగల వేసిన ములాఖత్ పందిరి కింద ఆరు నెలలల్ల ఒక్క కొట్లాట కాలేదన్న సంగతి. ఆ కాయితం కింద బాపు నక్షా కుట్టి పంపిండు.

హైదరాబాద్ నుంచి ఒక పెద్ద ఆఫీసరు వచ్చిండు. ములాఖత్ పందిరి కింద ఒక ఖైదీ బిడ్డ తండ్రి ఒళ్లె నిద్రపోతుంటే, పిల్ల లేస్తదేమోనని దూరం నుంచే నిలబడి చూసిండట. ఏడాది తిరిగినంక బాపు నక్షాకు మంజూరీ వచ్చింది.

గీసినంత కట్టలే. కిటికీలు సగమే ఇచ్చిండ్రు, నాలుగు మగ్గాలకు రెండే. చుట్టు ప్రహరీ ఎత్తుగనే లేపిండ్రు. నది కనవడెటందుకు ప్రహరీ గోడల చువ్వల జాగ వదులుమని బాపు ఎంత బతిమిలాడినా ఒక్క దిక్కే వదిలిండ్రు. అవ్వ చెప్పిన వసారా మాత్రం ఒక్క అడుగు తక్కువ కాకుండ కట్టిండ్రు. బాపు అది ముందుగాల అవ్వకే చెప్పిండు. ఆమె, "అరుగులు నున్నగ చెయ్యమను, చీరలు పట్టుకుంటయి" అన్నది.

పని నడుస్తుండంగనే మల్లన్న శిక్ష అయిపోయింది. సంచి భుజానికేసుకోని పోయిండు. పన్నెండు దినాలకు, ఇటుకలు మోసే కూలీల నడుమ కనవడ్డడు. బాపు గబగబ ఆయన కాడికి పోయిండు.

"ఏం మల్లన్నా, మళ్ల వచ్చినవ్?"

"పనికొచ్చిన సారూ. నా పెండ్లాన్ని సుత తోలుకొచ్చిన, ఊళ్లె అర్ర కిరాయికి తీసుకున్నం. ఈసారి పొద్దుగూకితే ఇంటికి పోత."

అరవై రెండుల, చలికాలం, ఖైదీలను తడకల నుంచి కొత్త జైలుకు తెచ్చిండ్రు. బాపు చూడబోయిండు. భూమి కాడ పనికి పోయినోళ్లు పోయిండ్రు, బారకుల నలుగురైదుగురే ఉండె. మగ్గం కొట్టంల, ఎనుకట ఉరికిన వెంకటి పోగు అతుకుతుండు, తల ఎత్తి దండం పెట్టిండు. గంగ మీది గాలి కిటికీల నుంచి వచ్చి, అర్రలన్ని తిరిగి, వసారాల నుంచి పోతున్నది. బాపు అరుగు మీద చెయ్యి రాసి చూసిండు. నున్నగ ఉన్నది. జర కూసుందామని కూసున్నడు. పొద్దు కాళ్ల మీదికి, కాళ్ల మీదికెళ్లి ఒళ్లెకు వచ్చింది. అట్లనే ఒరిగి నిద్రపోయిండు.

కైలాసం అనే జవాను వచ్చి భుజం మీద చెయ్యేసి లేపిండు. "సారూ, గేటు మూస్తున్నం. ఉంటవా, పోతవా?"

బాపు కండ్లు తుడుచుకోని అటు ఇటు చూసిండు. ఏ ఊళ్లె ఉన్నడో తెలిసేసరికి కొంచెంసేపు పట్టిందట. తర్వాత చెప్పులు తొడుక్కోని, ఇంటికొచ్చే బస్సు కోసం బిరబిర నడిచిండు.